గొర్రెకు ముందుకాళ్ళు రెండు

ఇంకో గంట. మాంసం తనంతట తాను ఎముకను వదిలెయ్యాలంటే ఇంకో గంట ఉడకాలి. ఈ గంటసేపూ నేను ఈ పెద్ద కాగు పక్కన పీటమీద కూర్చుని, పైకి తేలిన నురుగు గరిటెతో తీసి పారబోస్తూ, పిడకలు ఎగదోస్తూ ఉంటే చాలు, నన్ను ఎవరూ ఏమీ అడగరు. పొయ్యి దగ్గరి కోడలి కళ్ళు ఎర్రగా ఉంటే పొగ అనుకుంటారు. ఏడుపుకైనా కోపానికైనా అదే ఎరుపు, ఎవరికి తెలుస్తుంది. లోపల పెద్ద గదిలో చుట్టాలంతా చేరి టీ తాగుతున్నారు, రొట్టె విరుస్తున్నారు, కిటికీ తెరిచే ఉంది కాబట్టి మా ఆయన తిలెక్ నవ్వు ఇక్కడిదాకా వినబడుతోంది. పదకొండేళ్ళు రష్యాలో పెదవి విప్పకుండా నవ్విన మనిషి, ఈ మార్చిలో ఊరు చేరాక పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. నవ్వనీ. బంగాళాదుంపలు తవ్వేశాం, గడ్డి కోసి వామి వేశాం, పిల్లను బడిలో వేశాం, ఇక వెనక్కి వెళ్ళేది లేదు, చచ్చినా బతికినా ఇక్కడే అని పదిమందికీ చెప్పుకోవడానికి ఈ విందు. గొర్రెను పొద్దున కోశారు. ఆ గొర్రెలో ఒక్క ఎముక కోసం నేను ఆర్నెల్లుగా కాచుకుని ఉన్నాను.

మా దగ్గర గొర్రె అంటే మాంసం కాదు, మర్యాద. ఎవరి వయసెంత, ఎవరు ఎవరికన్నా ఎంత పైన, ఎవరు ఇంటివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అన్నదంతా పళ్ళెంలో ఎముకే చెప్పేస్తుంది, నోరు విప్పక్కర్లేదు. తల పెద్దాయనకు. తుంటి ఎముకలు ఆయనకు అటూ ఇటూ కూర్చున్న ముసలాళ్ళకు. తోక కొవ్వు అంటుకుని ఉన్న నడుము ముక్క ఆడవాళ్ళలో పెద్దామెకు. తొడ ఎముక ఇంటి మగాడికి. రొమ్ము ముక్క అల్లుడికి. అలా దిగి దిగి చిట్టచివరికి ముందుకాలి పై ఎముక, దాని పేరే దాసి ఎముక, అది అసలు గదిలోకే రాకూడదు, పొయ్యి దగ్గర చాకిరీ చేసేవాళ్ళు నిలబడి కొరుక్కుని కుక్కకు విసిరేసేది. ఆ ఎముకను ఈ రోజు నేను పళ్ళెంలో పెట్టి, పైన ఉల్లిపాయ చల్లి, రెండు చేతులా పట్టుకెళ్ళి మా తోడికోడలు జూరాకాన్ ముందు పెడతాను. నడుము ముక్క కోసం చూసే మనిషి ముందు, చుట్టాలంతా చూస్తుండగా. ఆమె మొహంలోకి రక్తం ఎక్కడం చూస్తాను, తర్వాత దిగిపోవడం కూడా చూస్తాను, నాకేం తొందర లేదు.

నిజానికి ఎముకలు వేరు చెయ్యడం మగవాళ్ళ పని. కానీ మా ఆయన మర్చిపోయాడు. పదకొండేళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో కోడికాళ్ళు తిన్నవాడికి గొర్రె ఎలా గుర్తుంటుంది? మేం దిగిన వారానికి చిన్న విందు చేస్తే, తల తీసుకెళ్ళి పక్కింటాయన ముందు పెట్టి, రొమ్ము ముక్కను సొంత చిన్నాన్న ఓమూర్‌బెక్ ముందు పెట్టాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఈ వంశానికంతటికీ పెద్ద, ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏరా తిలెక్, నన్ను మీ ఇంటి అల్లుణ్ణి చేసేశావా? సంతోషమేరా. పిల్లేదీ మరి?" అన్నాడు. గది గదంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరు ఏ పొరపాటు చేసినా, చివరికి గాడిద దారి తప్పినా, "రష్యా ఇంకా దిగలేదు" అంటారు, తాగినవాడికి మత్తు దిగలేదన్నట్టు. నా భయమల్లా అదే. జూరాకాన్ ముందు దాసి ఎముక పెడితే అందరూ నవ్వేసి, పాపం మర్చిపోయిందిలే, అంటారు. మూడేళ్ళు పెంచుకున్న పగ ఒక్క నవ్వులో కొట్టుకుపోతుంది. అందుకే మిగతా ఎవరి పళ్ళెంలోనూ వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఆర్నెల్లుగా ఊళ్ళో ప్రతి పెళ్ళిలో, ప్రతి చావులో పిలవకపోయినా కాగు దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను, చిన్నప్పుడు చూసినవన్నీ ఒక్కో ఎముకా ముట్టుకుని మళ్ళీ గుర్తు చేసుకున్నాను. ఎంత పనిమంతురాలో అని మెచ్చుకున్నారు. మెచ్చుకోరూ మరి.

జూరాకాన్ నాకు ఏం చేసిందంటే, నా ఏడుపు దొంగిలించింది. మా అమ్మ కల్‌బూబూ నాలుగేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే, ఇక్కడికి రెండు వీధుల అవతల, నీలం తలుపుల ఇంట్లో పోయింది. నేను ఒక్కగానొక్క కూతుర్ని. తల్లి పోతే ముంగిట్లో వేసిన గుడారంలో కూతురు నల్లబట్ట కట్టుకుని, గోడకు మొహం తిప్పి కూర్చుని, వచ్చే ప్రతి మనిషికీ తల్లి ఎలాంటిదో రాగం తీసి చెప్పుకుంటూ ఏడవాలి. మూడు రోజులు. గొంతు పోయేదాకా. ఆ ఏడుపే కూతురు తల్లికి పెట్టే ఆఖరి అన్నం. ఆ చోట, నా చోట, మా తోడికోడలు కూర్చుంది. ఆ రోజు నేను రష్యాలో, చెల్యాబిన్‌స్క్ పట్నంలో తొమ్మిదంతస్తుల ఇంటి మెట్లు కడుగుతున్నాను. తర్వాత ఎప్పుడో తెలిసి లెక్కేసుకుంటే అది బుధవారం, బుధవారం పొద్దున మంచు ఊడ్చి, మధ్యాహ్నం పైనుంచి కిందికి మెట్లు కడిగేదాన్ని, బహుశా ఆరో అంతస్తులో ఎవరో కుక్కతో దిగుతూ బూట్లతో తొక్కేస్తే మళ్ళీ కడిగి ఉంటాను, బహుశా పాట కూడా పాడుకుని ఉంటాను. అదే నన్ను తినేస్తుంది. ఆ రోజు నేను పాట పాడానా?

నురుగు మళ్ళీ పైకొచ్చింది. తీశాను. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేదాన్ని. అమ్మకు ఫోన్ పట్టుకోవడం రాదు, అందుకని జూరాకాన్ ఫోన్‌కే చేసేదాన్ని, ఆమె వెళ్ళి అమ్మ చెవి దగ్గర పెట్టేది. ఒక చలికాలం నుంచి పెట్టడం మానేసింది. "మీ అమ్మకు చెవులు బొత్తిగా వినబడటం లేదే సోనున్. నువ్వు చెప్పేది నాకు చెప్పు, నేను దగ్గరకెళ్ళి చెవిలో అరిచి చెప్తాలే." నేను నమ్మాను. ముసలాళ్ళకు చెవులు పోతాయి కదా. నేను చెప్పేదాన్ని, ఆమె మర్నాడు జవాబు తెచ్చేది. పిల్ల పళ్ళు ఊడుతున్నాయని చెప్తే, ఊడిన పన్ను కొవ్వులో చుట్టి కుక్కకు పెట్టమంది మీ అమ్మ అని. చలికి కాళ్ళు పగిలాయంటే, గొర్రె కొవ్వు రాసుకోమంది అని. ఒకసారి నాలుగో నెలలో నాకు కడుపు పోయింది, మెట్ల మీదే, బకెట్ పక్కన. తిలెక్‌కి కూడా సరిగ్గా చెప్పుకోలేనిది జూరాకాన్‌తో చెప్పాను, అమ్మకు చెప్పమని. మర్నాడు ఫోన్‌లో ఆమె గొంతు సన్నగా ఉంది. "మూడు రోజులు చన్నీళ్ళు ముట్టుకోవద్దంది. కడుపులో దాచుకోవద్దు, ఏడ్చెయ్యమంది. నీ తప్పేం లేదంది." నేను బకెట్ పక్కన పడేసి మూడు రోజులు ఏడ్చాను, లేచి తిరిగాను. అమ్మ మాట కదా. అప్పటికి మా అమ్మ మట్టిలో ఏడు నెలలు. నాకు తల్లి మాటగా చేరింది తోడికోడలి మాట. నన్ను మోసం చేసిన మాటే నన్ను లేపి నిలబెట్టింది. ఇంతకన్నా అవమానం ఉంటుందా?

దూరాన ఉన్నవాళ్ళకు చావు కబురు ఫోన్‌లో గభాల్న చెప్పరు మా వాళ్ళు. పెద్దలు నలుగురూ కూడి ఆ మనిషి దగ్గరకు వెళ్తారు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని కూర్చుంటారు. పెద్దాయన ముందు క్షేమం అడుగుతాడు. వాతావరణం, పశువులు, పిల్లలు. తర్వాత మెల్లగా, పుట్టినవాళ్ళంతా ఒకరోజు వెళ్ళేవాళ్ళేనమ్మా అంటాడు. రెక్కలు పట్టుకున్న చేతులు బిగుసుకుంటాయి. అప్పుడు చెప్తాడు. చెల్యాబిన్‌స్క్‌లోనూ ఇంతే జరిగేది. ఒక గదిలో పన్నెండు మంది ఉండే అద్దె ఇళ్ళలో కూడా మన జిల్లా వాళ్ళు ఆదివారం చేరి, టీ పెట్టి, కబురు తెలియాల్సిన మనిషిని ఏదో నెపం చెప్పి పిలిచేవాళ్ళు. నేనే ఎంతమంది రెక్కలు పట్టుకోలేదు! ఒకమ్మాయి, ఇటుకల పనికి వెళ్ళేది, వాళ్ళ నాన్న పోయాడని చెప్తే నా చేతిని ఎంత గట్టిగా నొక్కిందంటే నెల్లాళ్ళు నీలం మచ్చ పోలేదు. నా రెక్క మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

నాకు ఎలా తెలిసిందో అదీ అనుకోవాలి, ఎందుకంటే అది తలుచుకుంటే చేతులు వణకవు, గట్టిపడతాయి. మధ్యాహ్నం, మూడో అంతస్తు, చీపురు గోడకు ఆనించి ఫోన్ తీస్తే ఊళ్ళోవాళ్ళ గుంపులో ఎవరో వీడియో పెట్టారు. ఏదో విందు. గుర్రం కోసిన పెద్ద విందు. జనం, కాగులు, పళ్ళేలు. భలే ఘనంగా చేశారే, ఎవరిదో అనుకున్నాను. తర్వాత బల్ల మీద ఫొటో. చుట్టూ రొట్టెలు. ఫొటోలో మా అమ్మ, పాస్‌పోర్ట్ కోసం తీయించుకున్నది, భయం భయంగా చూస్తూ. కింద రాసి ఉంది, ఏడాది పెట్టాం, వచ్చినవాళ్ళందరికీ దండాలు అని. మా అమ్మ ఏడాది విందుకు నేను మూడో అంతస్తులో నిలబడి వేలితో పైకి జరుపుతూ వెళ్ళాను. ఇంటికి పరిగెత్తి తిలెక్‌కి చూపిస్తే అతని చేతిలో టీ గిన్నె జారి పగిలింది. "మా వదిన ఇంత పని చేసిందా! ఏడాది పాటు దాచిందా!" అని తల బాదుకున్నాడు. నేనే అతన్ని ఓదార్చాను. అప్పటికప్పుడు జూరాకాన్‌కి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను, నా ఉసురు తగులుతుంది అన్నాను, నువ్వు పోతే నీ కోసం ఏడ్చే గొంతు లేకుండా పోవాలి అన్నాను. ఆమెకు పిల్లలు లేరు. మొగుడు, అంటే మా బావగారు, ఎప్పుడో పోయాడు. ఆ శాపం ఎక్కడ తగలాలో అక్కడే తగిలి ఉంటుంది. "తప్పు నాదే అనుకో" అని పెట్టేసింది.

అనుకో. అనుకోవడమేంటి?

అడుగుల చప్పుడు. ఆమే. ఎప్పుడూ అంతే, తలుచుకోగానే వస్తుంది. ఒళ్ళో పిడకలు పోసుకుని వచ్చి పొయ్యి పక్కన కుమ్మరించి, నడుం మీద చెయ్యి వేసుకుని కాగులోకి తొంగి చూసింది. భుజాల మీద ఆ శాలువా. బూడిదరంగు మేకనూలు శాలువా, ఉంగరంలోంచి దూరేంత సన్నది, మా అమ్మ కోసం రెండు నెలలు అదనంగా మంచు ఊడ్చి కొని, ఊరెళ్ళే ఒకామె చేత పంపించింది. అప్పటికి అమ్మ పోయి ఐదు నెలలు. దాన్ని ఈవిడ వేసుకుని తిరుగుతోంది.

"నురుగుతో పాటు కొవ్వు కూడా తీసేస్తున్నావేంటే? రష్యాలో కొవ్వు తినరా?"

"తింటారక్కా. ఎదుటివాళ్ళది."

ఆమె నా వైపు చూసింది, నవ్వాలో వద్దో తెలియనట్టు. "ఉప్పు చూశావా?"

"చూశా."

"పొగ మొహానికి కొడుతోంది, ఇటు జరిగి కూర్చో."

"నాకు పొగే బాగుంది."

వెళ్ళిపోయింది. నడకలో కుడికాలు కొంచెం ఈడుస్తుంది. ఆర్నెల్లుగా మా మాటలు ఇంతే, ఉప్పు, నీళ్ళు, ఆవు, గేటు వేశావా. ఒకే ముంగిలి, ఒకే పొయ్యి, ఒకే ఆవు, తప్పదు. తిలెక్ మా మధ్య వంతెనలా తిరుగుతుంటాడు, ఆమె ముందు నా గురించి మంచిగా, నా ముందు ఆమె గురించి బరువుగా. "పోనీలే సోనున్, పెద్దది, తెలివి తక్కువ మనిషి, క్షమించెయ్" అంటాడు. ఎంత మంచివాడు అనుకునేదాన్ని. ఊరొచ్చాక అతనికీ కష్టంగానే ఉంది పాపం, గేటు దాటి వీధిలోకి అడుగు పెట్టాడంటే ఇప్పటికీ చెయ్యి చొక్కా జేబు మీదకు పోతుంది, కాగితాలు ఉన్నాయా లేదా అని. ఇక్కడ ఎవడడుగుతాడు కాగితాలు? గుర్రాన్ని పట్టుకోబోతే అది అతన్నే చూసి నవ్వినట్టు తల ఊపి పోతుంది. నేనింకా నాలుగింటికే లేచి కూర్చుంటాను, ఊడవడానికి మంచు లేదు, చేతులకు పని లేదు, చీకట్లో కూర్చుని ఎముకలు లెక్కపెడతాను. అందరికన్నా కష్టం మేరిమ్‌కే. మా పిల్ల పదమూడేళ్ళది, అక్కడే పెరిగింది. బడిలో "రష్యా దొరసాని" అంటున్నారు, నీళ్ళు మోయడం రాదు, ఊరి మాటలు సగం రావు. అక్కడ "మీ ఊరు పోండి" అన్నారు, ఇక్కడ "మీ రష్యా పో" అంటున్నారు, దాని ఊరేదో ఎవరికీ తెలీదు. పొద్దున్నే ఆవు పాలు పితికేటప్పుడు మాత్రం దాని నవ్వు వినబడుతుంది, జూరాకాన్ పక్కన కూర్చోబెట్టుకుని మాటలు నేర్పుతుంది, తప్పు పలికితే పాలధార మొహాన కొడుతుందట. నాకు ఆ నవ్వు విన్నప్పుడల్లా ఆమెను నిలదీయాలనిపిస్తుంది. నా ఏడుపు తీసుకున్నావు, నా శాలువా తీసుకున్నావు, ఇప్పుడు నా పిల్లనా?

అదిగో, ఆ పిల్లే కెటిల్ పట్టుకుని వేణ్ణీళ్ళకు వస్తోంది, మీద శాలువా. అదే శాలువా. "ఎవరిచ్చారే అది నీకు?"

"పెద్దమ్మ కప్పింది. చలిగా ఉందన్నాను."

"తీసెయ్. ముందు తీసెయ్ దాన్ని! చచ్చిపోయిన మనిషి పేరు చెప్పి కాజేసిన శాలువా అది!"

మేరిమ్ తియ్యలేదు. కెటిల్ నేల మీద పెట్టింది. దానికి కోపం వస్తే రష్యన్ మాటే వస్తుంది, గబగబా, నీళ్ళు మరిగినట్టు, ఆ భాషలో అయితే నాకన్నా అది పెద్దది. "పెద్దమ్మనే ఎందుకు తిడతావు ఎప్పుడూ? ఆమె చెప్తాననే అంది. నాన్నే వద్దన్నాడు."

"ఏమన్నావ్?"

"నేనక్కడే ఉన్నాగా. కింద తలుపు దగ్గర, వెచ్చదనానికి గోడకు పెట్టే రేడియేటర్ పక్కన. నాన్న ఫోన్‌లో ఏడ్చాడు. ఇప్పుడు దానికి చెప్పొద్దు వదినా, చెప్తే వెళ్ళిపోతుంది, వెళ్తే ఐదేళ్ళు మళ్ళీ రానివ్వరు, కాగితాలు చేతికి రానీ నేనే చెప్తా అన్నాడు. ఫోన్‌లో పెద్దమ్మ అరుస్తూనే ఉంది, పాపంరా, పాపంరా అని. తర్వాత నాకు ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు. అమ్మకు చెప్పకు, అమ్మకు గుండె ఆగిపోతుంది అన్నాడు." శాలువా దగ్గరకు లాక్కుంది. "నాకు తొమ్మిదేళ్ళమ్మా. నిజంగా ఆగిపోతుందనుకున్నా. ఇప్పటికీ నువ్వు పడుకుంటే చూస్తుంటా."

శాలువా విప్పి, మడతపెట్టి, నా పీట మీద పెట్టి, కెటిల్ నింపుకుని వెళ్ళిపోయింది. నేను నిలబడే ఉన్నాను. గరిటె చేతిలోనే ఉంది. కాగు అలాగే ఉడుకుతోంది.

శాలువా మడత. ఈ మడత నాకు తెలుసు. నాలుగు మూలలూ లోపలికి వచ్చేలా, చదరంగా, తిలెక్ నేర్పాడు పిల్లకు, బట్టల గోదాములో పనిచేసినప్పుడు నేర్చుకున్నది. ఆ రోజు కూడా అతనే మడిచాడు. నేను మంచం మీద పరిచి, అమ్మకు రంగు నచ్చుతుందా అంటే, నచ్చుతుందిలే అన్నాడు. అమ్మ పోయి ఐదు నెలలని తెలిసి, నచ్చుతుందిలే అన్నాడు. సంచిలో పెట్టి, తడవకుండా పైన ప్లాస్టిక్ చుట్టాడు. నేను శుక్రవారం ఫోన్ తీస్తే సిగరెట్ పెట్టె తీసుకుని మెట్ల మీదకు పోయేవాడు, మర్యాద అనుకున్నాను, తల్లీకూతుళ్ళ మాటల మధ్య ఎందుకని. టీ గిన్నె జారిందా, వదిలేశాడా? తేలు కుట్టిన దొంగకు అరుపు రాదంటారు, ఈ దొంగ అందరికన్నా గట్టిగా అరిచాడు. అతన్ని నేను ఓదార్చాను. వీపు నిమిరాను. దేవుడా, వీపు నిమిరాను! మూడేళ్ళు నేను జూరాకాన్‌ని తిడుతుంటే పక్కన కూర్చుని విన్నాడు, తెలివి తక్కువది, క్షమించెయ్ అన్నాడు. తన తప్పును ఇంకొకరి నెత్తిన పెట్టి, దాన్ని నేను క్షమించాలని నన్నే బతిమాలాడు. కాగితాలు వచ్చాయి, అమ్మ పోయిన రెండు నెలలకే వచ్చాయి, నీలం అట్ట ఉన్న అనుమతి పుస్తకం, ఆ రోజు కేక్ తెచ్చాడు. ఆ రోజు చెప్పాడా? కేక్ కోశాడు. భయపడ్డాడు, అది నాకు తెలుసు, వెళ్ళిపోతానని, ఇల్లు చెదిరిపోతుందని, అబద్ధం కాదు. వెళ్ళిపోయేదాన్నే. ఆ బుధవారమే బకెట్ వదిలేసి బస్సెక్కేదాన్ని, ఐదేళ్ళు కాదు యాభై ఏళ్ళు రానివ్వకపోయినా. వెళ్ళాలా వద్దా అన్నది నాది కదా? నా తల్లి కదా? నా కాళ్ళు కదా?

మరి ఈవిడ? పాపంరా అని అరిచింది, తర్వాత నోరు మూసుకుంది. మూసుకుని ఊరుకుందా, ప్రతి శుక్రవారం తెరిచింది. నా శాపం మోసింది, మరిది మొహం నల్లబడకూడదని. ఆమె మంచితనం ఎవరడిగారు? మొయ్యమని నేను చెప్పానా? మా అమ్మను కడిగింది ఆమేనని ఊళ్ళో చెప్తారు, గోరువెచ్చని నీళ్ళతో, జడ విప్పి దువ్వి. శవాన్ని కడిగిన మనిషికి పోయినవాళ్ళ బట్టల్లో ఒకటి ఇవ్వాలి, అది ఆచారం. మా అమ్మ బట్టల్లో మంచిదేం ఉంటుంది, ఇచ్చే కూతురు ఎక్కడుంది. అయితే శాలువా... కావచ్చు. కావచ్చు గాక. నేను ఇప్పుడు న్యాయం తూచడానికి కూర్చోలేదు. అబద్ధం ఒకరు వండారు, ఒకరు వడ్డించారు, తిన్నది నేను.

గంట అయింది. ఎముక కదిపి చూశాను, మాంసం వదిలేసింది. పెద్ద చెక్క పళ్ళెంలోకి తీశాను, ఆవిరి మొహానికి కొట్టింది. తల పక్కన పెట్టాను. తుంటి ఎముకలు రెండు. నడుము ముక్క, కొవ్వు అద్దంలా మెరుస్తోంది. తొడ ఎముకలు, పిక్క ఎముకలు, భుజం ఎముకలు, పక్కటెముకలు, వెన్నుపూసలు, రొమ్ము. చెయ్యి ఎక్కడా తడబడలేదు. దాసి ఎముక తీసి జూరాకాన్ పళ్ళెంలో పెట్టాను. ఒక్క ఎముక కోసం ఆర్నెల్లు కాచుకున్నాను కానీ, గొర్రెకు ముందుకాళ్ళు రెండు. ఆ రెండోది ఎవరిదో నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు, నేనే తింటానేమో అనుకున్నాను, పొయ్యి దగ్గర ఉన్నది నేనే కదా. కాగులోకి గరిటె ముంచి దాన్ని కూడా తీశాను. ఉల్లిపాయ చల్లాను.

గదిలో అందరూ చేతులు కడుక్కుని వరుసగా కూర్చున్నారు. నేను వంగి, పెద్దవాళ్ళ ముందు నుంచి మొదలుపెట్టాను. తల ఓమూర్‌బెక్ మావయ్య ముందు. ఆయన గడ్డం నిమురుకుని తృప్తిగా తలూపాడు. తుంటి ఎముకలు అటూ ఇటూ. అల్లుడి వరసవాడికి రొమ్ము. ఒక్కో పళ్ళెం దించుతుంటే వెనక ఆడవాళ్ళు గుసగుసగా మెచ్చుకుంటున్నారు, కల్‌బూబూ కూతురా మజాకా, ఏదీ మర్చిపోలేదు అని. తర్వాత జూరాకాన్ ముందు పెట్టాను. గుసగుస ఆగింది. ఆమె ఎముక వైపు చూసింది, నా వైపు చూడలేదు. నేను కనిపెట్టుకుని ఉన్న రక్తం ఆమె మొహంలోకి ఎక్కనేలేదు. ఆఖరిది తీసుకెళ్ళి తిలెక్ ముందు పెట్టాను. అతను ఇంకా పక్కవాడితో నవ్వుతూనే ఉన్నాడు, చెయ్యి చాపాడు, ఎముక ఏదో అతనికి తెలియదు, పక్కవాడి మొహం చూశాక తెలిసింది. జూరాకాన్ తల ఎత్తింది. ఆ రెండో పళ్ళెం చూసింది. ఆమె భుజాలు కిందికి దిగాయి, చాలా దూరం నీళ్ళు మోసి బిందె దించినట్టు. చాకు తీసుకుని తన దాసి ఎముక మీది మాంసం కోసి నోట్లో పెట్టుకుని నమిలింది. నాకు అది నచ్చలేదు. శిక్ష పడ్డవాళ్ళకు ఆకలి ఉండకూడదు.

ఓమూర్‌బెక్ మావయ్య ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసి, గది బిగుసుకుపోకుండా గట్టిగా నవ్వాడు. "చూశారా, అంతా సరిగ్గా పెట్టి ఆఖర్లో తప్పింది! కోడలికి రష్యా ఇంకా దిగలేదర్రా!"

ఒకరిద్దరు నవ్వడం మొదలుపెట్టారు. నేను భయపడ్డ నవ్వు అదే. అది గదంతా పాకకముందే నిటారుగా నిలబడ్డాను. "దిగింది మావయ్యా. తల మీది. తుంటి ఎముకలు మీ పక్కనున్న పెద్దలవి. నడుము ముక్క జూరాకాన్ అక్కది, అది బయట కాగు మూత మీద పెట్టే ఉంచాను. తొడ ఎముక తిలెక్‌ది, అదీ అక్కడే ఉంది. దాసి ఎముకలు ఈ గదిలోకి రాకూడదని నాకు తెలుసు. తెలిసే తెచ్చాను. ఒకటి నాకు ఏడాది పాటు మా అమ్మ మాటలని చెప్పి తన మాటలు చెప్పినావిడకు. ఒకటి ఆ అబద్ధం ఆడించి, ఆవిడను నా నోట తిట్టించినాయనకు."

తిలెక్ "సోనున్, పదిమందిలో..." అన్నాడు. అతని చెయ్యి చొక్కా జేబు మీదకు పోయింది. కాగితాలు లేవక్కడ.

"మావయ్యా, మా అమ్మ పోయిందని ఈ రోజు దాకా నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఫోన్‌లో చూశాను, చూడటం వేరు. ఈయన దాచాడు, మీరు ఈయన చెప్పాడనుకున్నారు, అందరూ అమ్మ ఏడాది విందులో మాంసం తిన్నారు. ఇప్పుడు పెద్దలంతా ఉన్నారు. నాకు చెప్పండి."

గది మధ్యలో, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ నడుమ, ఎవరూ కూర్చోని చోట కూర్చున్నాను. మాంసం మీద కొవ్వు తెల్లగా గడ్డకడుతోంది, ఎవరూ ముట్టుకోవడం లేదు. తలుపు దగ్గర నుంచి మేరిమ్ వచ్చి నా ఎడమ రెక్క పట్టుకుంది, అలా పట్టుకోవాలని దానికి ఎవరు నేర్పారో అడగక్కర్లేదు. కుడి పక్కన ఎవరో కాలు ఈడ్చుకుంటూ వచ్చి కూర్చున్నారు. చేతికి మాంసం వాసన. ఆ చెయ్యి నాకు అక్కర్లేదు, కానీ ఆచారానికి రెండు చేతులు కావాలి, ఉండనిచ్చాను. తిలెక్ తల ఎత్తలేదు. ఎత్తేదాకా చూస్తూనే ఉంటానని అతనికి తెలుసు, చాలాసేపటికి ఎత్తాడు.

ఓమూర్‌బెక్ మావయ్య తల ఉన్న పళ్ళాన్ని మెల్లగా పక్కకు జరిపి, రుమాలుతో చేతులు తుడుచుకుని, టోపీ సరిచేసుకున్నాడు. "బిడ్డా సోనున్. ఒంట్లో బాగుందా? పిల్లా పశువూ క్షేమమా?"

"క్షేమమే మావయ్యా" అన్నాను, తిలెక్ కళ్ళలోకి చూస్తూ. "చెప్పండి. చెవుడు మా అమ్మకే, నాకు లేదు."